గోమారి కడుపులో ఒక వేషం, మన ఒంట్లో మరో వేషం



జ్వరం అనగానే మనకు దోమ గుర్తొస్తుంది. డెంగ్యూ, మలేరియా, చికున్‌గున్యా అన్నీ దోమ ఖాతాలోనే వేస్తాం. దోమ కన్నా మెల్లగా కదిలి, దోమ కన్నా చాలాసేపు ఒంటిని పట్టుకుని రక్తం తాగే మరో పురుగు ఉంది. మన రాయలసీమ పల్లెల్లో దాన్ని గోమారి అంటారు, కొన్నిచోట్ల పిడుదు అంటారు. ఉర్దూలో చిచ్‌డీ, ఇక్కడ కన్నడంలో ఉణ్ణె. కుక్క చెవి వెనుక, గొర్రె తొడ సందున, ఆవు పొదుగు దగ్గర ఆముదపు గింజలా ఉబ్బి కనిపించేది ఇదే.

ఈ వారం చెప్పబోయేది గోమారి గురించి కాదు, దాని కడుపులో కాపురముండే బాక్టీరియా గురించి. చల్లని గోమారి ఒంట్లో బతికే క్రిమి, వెచ్చని మనిషి ఒంట్లోకి వచ్చాక కూడా ఎలా బతకగలుగుతోంది? ఈ ప్రశ్నకు శాస్త్రవేత్తలు కనుగొన్న జవాబు తెలుసుకుంటే, జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ఎప్పుడు, ఎక్కడికి తీసుకెళ్లాలో మీకే అర్థమవుతుంది.

రెండు ఇళ్లు, రెండు బాషలు

గోమారికి జీవితంలో నాలుగు దశలున్నాయి. గుడ్డు, ఆరు కాళ్ల పిల్ల, ఎనిమిది కాళ్ల నడిమి దశ, పెద్ద పురుగు. గుడ్డు తరువాత ప్రతి దశలోనూ దానికి ఒకసారి కడుపునిండా రక్తం కావాలి. ఒక భోజనానికీ మరో భోజనానికీ మధ్య నెలల తరబడి పస్తుండగలదు. ఆ పస్తు రోజుల్లో దాని ఒంటి వేడి బయటి గాలిని బట్టే ఉంటుంది. పైగా మనకున్నట్లు జ్వరం తెచ్చుకుని క్రిమిని ఎదిరించే శక్తి దానికి లేదు.

మనిషి ఒళ్లు ఇందుకు పూర్తిగా భిన్నం. ఎప్పుడూ 37 డిగ్రీల సెల్సియస్ వేడి, నిండుగా ప్రవహించే రక్తం, క్రిమి కనబడగానే మింగేసే తెల్లకణాలు. ఈ రెండు ఇళ్లలోనూ బతకాలంటే బాక్టీరియా ఏదో ఉపాయం చేయాలి.

ఆ ఉపాయం మన బెంగళూరు తెలుగు ముస్లింలకు సులభంగా అర్థమవుతుంది. మదనపల్లె, హిందూపురం, కదిరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలను చూడండి. ఇంట్లో దక్కనీ మాట్లాడతాం, ఊరి నుంచి చుట్టాలొస్తే తెలుగు, ఆఫీసులోనూ అంగడిలోనూ కన్నడం. ఎదుటివారు మారినప్పుడల్లా కొత్త బాష నేర్చుకోం. అన్నీ ముందే వచ్చు, సందర్భాన్ని బట్టి ఒకటి తీసి వాడతాం, మిగిలినవి లోపలే ఉంచుతాం.

బాక్టీరియా చేసేదీ ఇదే. దాని జన్యువులన్నీ ఎప్పుడూ దానితోనే ఉంటాయి. గోమారి ఒంట్లో కొన్నింటిని పనిచేయిస్తుంది, కొన్నింటిని నిద్రపుచ్చుతుంది. మనిషి ఒంట్లోకి రాగానే నిద్రపోయిన వాటిలో కొన్ని లేస్తాయి, లేచి ఉన్నవి కొన్ని పడుకుంటాయి. పనిచేసే జన్యువు మారితే తయారయ్యే ప్రొటీన్ మారుతుంది, ప్రొటీన్ మారితే క్రిమి పైచొక్కా మారుతుంది.

కాన్సాస్‌లో తేలిన సంగతి

ఈ విషయం కనుగొన్నవారిలో మన తెలుగు ఇంటిపేర్లు కనిపించడం సంతోషం కలిగించే విషయం. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం పశువైద్య కళాశాలలో రోమన్ గంటా అనే శాస్త్రవేత్త బృందం ఎర్లిషియా అనే బాక్టీరియా మీద ఏళ్ల తరబడి పని చేసింది. 2005, 2006 సంవత్సరాల్లో వెలువడిన వారి పరిశోధన పత్రాల మీద సింగు, పెద్దిరెడ్డి వంటి పేర్లు కూడా ఉన్నాయి.

ఎర్లిషియా మన తెల్లకణాల్లోకే దూరి కాపురం పెడుతుంది. క్రిమిని తినవలసిన కణమే దానికి ఇల్లవుతుంది. కణం లోపల అది గుత్తిగా పెరుగుతుంది. సూక్ష్మదర్శినిలో ఆ గుత్తి పట్టుపురుగుల ఆకుచెట్టుకు కాసే పండులా ఉంటుంది కనుక దానికి లాటిన్‌లో ఆ పండు పేరే పెట్టారు, మోరులా అని. మన యునానీలో గొంతు నొప్పికి షర్బత్-ఎ-తూత్ చేసేది ఆ జాతి పండుతోనే.

ఎర్లిషియా చాఫెన్సిస్ అనే రకానికి పైచొక్కా ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులు ఒకదాని పక్కన ఒకటి 22 ఉన్నాయి. అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి, అన్నదమ్ముల లాంటివి. కాన్సాస్ బృందం ఈ బాక్టీరియాను ఒకవైపు తెల్లకణాల్లో, మరోవైపు గోమారి కణాల్లో పెంచి పోల్చి చూసింది. తెల్లకణాల్లో పెరిగినప్పుడు 19వ జన్యువు ప్రొటీన్ ప్రధానంగా కనిపించింది. గోమారి కణాల్లో పెరిగినప్పుడు 14వ జన్యువు ప్రొటీన్ ప్రధానంగా కనిపించింది. బాక్టీరియా అదే, వంశం అదే, ఇల్లు మారేసరికి చొక్కా మారింది. కుక్కలకు జబ్బు చేసే ఎర్లిషియా కానిస్ అనే రకంలోనూ ఇలాంటి మార్పునే వారు చూశారు.

చొక్కా మారితే మనకేమిటి అని మీరు అడగవచ్చు. అదే బృందం 2007లో ఎలుకల మీద చేసిన పరీక్షలో జవాబు దొరికింది. తెల్లకణాల్లో పెరిగిన బాక్టీరియాను ఎక్కించినప్పుడు ఎలుకల ఒళ్లు దాన్ని త్వరగా వదిలించుకుంది. గోమారి కణాల్లో పెరిగిన దాన్ని ఎక్కించినప్పుడు వదిలించుకోవడానికి ఎక్కువ రోజులు పట్టింది. గోమారి కుట్టినప్పుడు మన ఒంట్లోకి వచ్చేది ఈ రెండో రకం చొక్కాతోనే. శరీరం దాన్ని గుర్తుపట్టి సిద్ధమయ్యేలోగా క్రిమి లోపల చొక్కా మార్చేసుకుంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడని తెలుగులో సామెత ఉంది కదా, అటువంటిదే ఇది.

వందేళ్ల కిందటే కనిపించిన సూచన

జన్యువుల ఊసు తెలియని రోజుల్లోనే ఈ మార్పు నీడ వైద్యులకు కనిపించింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో గోమారి వల్ల వచ్చే చుక్కల జ్వరం చాలామంది ప్రాణాలు తీసేది. హోవార్డ్ రికెట్స్ అనే వైద్యుడు అది గోమారి ద్వారానే వస్తుందని 1906లో నిరూపించాడు. మరో టైఫస్ జ్వరం మీద మెక్సికోలో పరిశోధిస్తూ ఆ జ్వరమే సోకి 1910లో మరణించాడు. రికెట్సియా అనే బాక్టీరియా జాతికి ఆయన పేరే పెట్టారు.

1920లలో అదే మోంటానాలో స్పెన్సర్, పార్కర్ అనే ఇద్దరు ఒక వింత గమనించారు. చలికాలమంతా పస్తున్న గోమార్లను నూరి గినీ పందులకు ఎక్కిస్తే వాటికి జబ్బు రాలేదు. అవే గోమార్లకు రక్తం తాగించాకనో, ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచాకనో ఎక్కిస్తే జబ్బు తీవ్రంగా వచ్చింది. నివురు గప్పిన నిప్పులా లోపల ఉన్న క్రిమి వేడి రక్తం తగలగానే రాజుకుంటోందని వారికి అర్థమైంది.

లైమ్ అనే మరో గోమారి జబ్బులో ఈ రాజుకోవడం ఎలా జరుగుతుందో 1995లో ఇంకా స్పష్టంగా తెలిసింది. ఈ జబ్బు అమెరికా, ఐరోపాల్లో ఎక్కువ, మన దేశంలో అరుదు. పస్తున్న గోమారి పేగులో ఆ బాక్టీరియా ఒక ప్రొటీన్ చొక్కా వేసుకుని పేగు గోడను అంటుకుని ఉంటుంది. గోమారి వెచ్చని రక్తం తాగడం మొదలుపెట్టగానే ఆ చొక్కా తగ్గి మరో ప్రొటీన్ పైకి వస్తుంది. అప్పుడే క్రిమి పేగు వదిలి లాలాజలం దాకా ప్రయాణించి మన ఒంట్లో దిగుతుంది. ఇదంతా జరగడానికి సమయం పడుతుంది. లైమ్ సోకాలంటే గోమారి సాధారణంగా 24 గంటలకు పైగా పట్టుకుని ఉండాలి అని వైద్యులు చెప్పేది ఇందుకే. చుక్కల జ్వరం రికెట్సియాకు అంత సమయం అక్కరలేదు, కొన్ని గంటలు చాలు.

ఈ జ్ఞానంతోనే 1998లో అమెరికాలో లైమ్‌కు ఒక టీకా వచ్చింది. గోమారి కడుపులో ఉండగా క్రిమి తొడుక్కునే చొక్కాకు విరుగుడును ఆ టీకా మన రక్తంలో తయారుచేసేది. గోమారి ఆ రక్తాన్ని తాగితే దాని కడుపులోనే క్రిమి చచ్చేది. అమ్మకాలు పడిపోవడంతో 2002లో కంపెనీ దాన్ని ఉపసంహరించుకుంది. అయినా క్రిమి ఎక్కడ ఏ చొక్కాలో ఉంటుందో తెలిస్తేనే టీకా గురి తప్పదనే పాఠం మిగిలింది.

మన చుట్టూ ఉన్నది ఏది?

అమెరికా సంగతులు మనకెందుకు అనుకోకండి. మన దేశంలో ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం ఉంది. దీనికి కారణం రికెట్సియా కొనోరీ. కుక్కలను పట్టే గోధుమరంగు గోమారి దీన్ని మోస్తుంది. తల్లి గోమారి నుంచి గుడ్లలోకి కూడా ఈ క్రిమి వెళ్లగలదు. కర్ణాటకలోనూ, ఆంధ్ర ప్రాంతంలోనూ పిల్లల వైద్యులు రికెట్సియా జ్వరాలను చూస్తున్నారు.

ఈ క్రిమి జన్యుపటాన్ని 2001లో పూర్తిగా చదివారు. దానిలో ఉన్నవి సుమారు 12.7 లక్షల అక్షరాలు, 1,374 జన్యువులు. మనిషికి 300 కోట్ల అక్షరాలు, 20 వేల దాకా జన్యువులు. ఇంత చిన్న పుస్తకం పెట్టుకుని రెండు రకాల ఇళ్లలో సంసారం చేస్తోంది. అమెరికాలోని గాల్వెస్టన్ నగరంలో శాస్త్రవేత్తలు 2020లో దీన్ని మనిషి రక్తనాళ కణాల్లో, గోమారి కణాల్లో పెంచి పోల్చినప్పుడు పనిచేసే జన్యువుల జాబితా రెండుచోట్లా ఒకేలా లేదు.

మనిషిలో ఈ రికెట్సియా స్థిరపడేది చిన్న రక్తనాళాల లోపలి పొరలో. ఆ పొర దెబ్బతిని రక్తనాళం ఊటలా కారుతుంది. ఒంటి మీద ఎర్రని మచ్చలు రావడానికి, ముఖం, కాళ్లు వాయడానికి కారణం ఇదే. ఆలస్యమైతే మెదడు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రాణాపాయం కూడా ఉంది.

ఇక్కడ మూడు పేర్లు కలిసిపోకుండా చూసుకోండి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడిన కోతి జ్వరం కూడా గోమారి వల్లనే వస్తుంది, అయితే అది వైరస్. ఆంధ్రలో తరచుగా వినిపించే స్క్రబ్ టైఫస్ బాక్టీరియా వల్లనే వస్తుంది, అయితే దాన్ని మోసేది గోమారి కన్నా చాలా చిన్నదైన నల్లి జాతి పురుగు పిల్ల. ఇండియన్ టిక్ టైఫస్ కుక్క గోమారి నుంచి వస్తుంది.

"హకీం సాబ్, ఖస్రా వచ్చింది"

నా దగ్గరికి వచ్చే తల్లులు చాలామంది ఈ మాటతోనే వస్తారు. పిల్లకు జ్వరం, ఒంటి మీద ఎర్రని దద్దులు, ఇది ఖస్రానే, ఖాక్సీ నీళ్లు, ఉన్నాబ్ షర్బత్ ఇవ్వండి అంటారు. తట్టుకు, చిన్న జ్వరాలకు ఖాక్సీ, ఉన్నాబ్ వాడే సంప్రదాయం మన యునానీలో ఉన్నమాట నిజమే. అయితే నేను ముందు పిల్ల అరచేతులు, అరికాళ్లు చూస్తాను. మచ్చలు అక్కడ కూడా ఉంటే, జ్వరం నాలుగైదు రోజులుగా దిగకపోతే, ఇంటి దగ్గర కుక్కలుగానీ మేకలుగానీ ఉంటే, షర్బత్ సంగతి పక్కన పెట్టి పిల్లల ఆసుపత్రికి పంపిస్తాను. గోమారి కుట్టినచోట నల్లని పక్కు ఉందా అని కూడా చూడాలి. ఇండియన్ టిక్ టైఫస్‌లో ఆ పక్కు చాలామందికి కనిపించదు కనుక, లేదని ధీమాగా ఉండకూడదు.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. కణం లోపల దాక్కుని చొక్కా మార్చే ఈ క్రిమిని చంపే మూలిక మన కితాబుల్లో లేదు. ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్ నాలుగో భాగంలో జ్వరాలను ఎంతో వివరంగా వర్గీకరించాడు. స్థలం, రుతువు, వయసును బట్టి మిజాజ్ మారుతుందని మన హకీములు బోధించారు. క్రిమి కూడా ఇంటిని బట్టి నడత మారుస్తుందని విన్నప్పుడు నాకు ఆ బోధ గుర్తొచ్చింది. పోలిక వరకే అది. వెయ్యేళ్ల కిందటి పెద్దలకు జన్యువులు తెలుసునని చెప్పడం వారికి గౌరవం చేసినట్లు కాదు.

ఈ జ్వరానికి మందు డాక్సీసైక్లిన్. మామూలుగా వాడే పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫలోస్పోరిన్ మందులు రికెట్సియా మీద పనిచేయవు. అందుకే 'యాంటీబయోటిక్ వాడుతున్నాం కదా' అని ఇంట్లో కూర్చోవడం ప్రమాదం. భారత వైద్య పరిశోధన మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి. వీల్-ఫెలిక్స్ వంటి రక్తపరీక్షలు మన ఒళ్లు తయారుచేసే విరుగుడును చూస్తాయి. ఆ విరుగుడు పుట్టడానికే వారం దాకా పట్టవచ్చు. మొదటి రోజుల్లో పరీక్షలో ఏమీ లేదని వచ్చినా జబ్బు లేనట్లు కాదు.

డాక్సీసైక్లిన్‌తో పిల్లల పళ్లు పాడవుతాయని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. పాత టెట్రాసైక్లిన్ మందుల వల్ల వచ్చిన భయం ఇది. రికెట్సియా జ్వరాలకు కొద్ది రోజులు ఇచ్చే డాక్సీసైక్లిన్‌తో పళ్ల మీద మరకలు పడవని పరిశోధనల్లో తేలింది. అన్ని వయసుల పిల్లలకూ అదే మొదటి మందని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది. గర్భిణులకు ఏ మందు ఇవ్వాలో డాక్టరే నిర్ణయిస్తారు. ఎవరూ సొంతంగా కొని వాడకండి. జ్వరం దిగాక నీరసానికి, ఆకలి మందగించినదానికి మా దగ్గరికి రండి, ఆ పని యునానీ చక్కగా చేస్తుంది.

ఇంట్లో పాటించవలసినవి

మనం కుక్కను పెంచం కదా అని నిశ్చింతగా ఉండకండి. బెంగళూరు గల్లీల్లో వీధికుక్క మన మెట్ల కిందే పడుకుంటుంది. గోధుమరంగు గోమారి దాని ఒంటి మీద నుంచి దిగి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో గుడ్లు పెడుతుంది. అది ఇంట్లోనే సంతతిని పెంచుకోగల పురుగు. మెట్ల కింద పగుళ్లను సిమెంటుతో పూడ్పించండి, చెత్త, పాత గోనెసంచులు తీసేయండి.

బక్రీదుకు ముందు మేకనో పొట్టేలునో తెచ్చి ఇంటి ముందు కట్టేసినప్పుడు పిల్లలు దాన్ని వదలరు. తెచ్చిన రోజే దాని చెవులు, మెడ, తోక కింద, తొడ సందులు చూడండి. గోమార్లుంటే పశువుల డాక్టరుకు చూపించి మందు వేయించండి. పిల్లల చేత గోమార్లు ఏరించకండి. సెలవులకు ఊరికి వెళ్లి పొలాల్లో, గొర్రెల దొడ్లలో ఆడివచ్చిన పిల్లల చెవుల వెనుక, చంకల్లో, నడుము దగ్గర, జుట్టులో సాయంత్రం స్నానం చేయించేటప్పుడు వెతకండి.

ఒంటి మీద గోమారి దొరికితే కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, సున్నం రాయడం మన పల్లెల్లో అలవాటు. అవేవీ చేయకండి. సన్నమొన చిమటాతో చర్మానికి ఆనుకుని దాని మూతి దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. గోళ్ల మధ్య నలపకండి, ఆ రసంలో కూడా క్రిమి ఉంటుంది. తరువాత కుట్టిన చోటును, చేతులను సబ్బుతో కడగండి. తేదీని కేలండర్ మీద రాసుకోండి. రెండు వారాల లోపల జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, మచ్చలు కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి, గోమారి కుట్టిందని, ఫలానా తేదీన అని మీరే చెప్పండి. అడిగేదాకా ఆగవద్దు. ఆ ఒక్క మాట డాక్టరుకు సగం దారి చూపిస్తుంది.

గోమారి కుట్టగానే దాని లోపలి క్రిమి చొక్కా మార్చుకోవడం మొదలుపెడుతుంది, అందుకు దానికి కొన్ని గంటలు కావాలి. ఆ గంటలు మన చేతుల్లో ఉన్నవి. సాయంత్రం స్నానం వేళ పిల్లవాడి ఒంటిని ఒకసారి తడిమి చూసే తల్లి, క్రిమి తయారయ్యేలోపే దాన్ని బయటికి లాగేస్తుంది.